పరీక్ష పరీక్ష గారికి శుభోదయం

బంధుమిత్రులకూ ఇరుగుపొరుగువారికీ తెలియజేయడమేమనగా, గడిచిన ఏడాదిలో నాకు రెండుసార్లు పెళ్ళయింది. ఒకసారి విడాకులు కూడా అయ్యాయి. కవలలు పుట్టారు, ఇద్దరూ క్షేమం. ప్రస్తుతం నేను ఆరడుగుల నాలుగంగుళాల పొడవున్నాను. హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. గురక పెడతాను. మళ్ళీ నెల తప్పాను. నడుం నొప్పి ఒక్కటి మాత్రం పాతదే.

ఇవేవీ నేను అల్లి చెబుతున్నవి కావు. పేరున్న ఒక పరుపుల కంపెనీ వారి కంప్యూటర్లో రాసి ఉన్నవి. కంప్యూటర్లో ఉన్నదాన్ని కాదనడానికి నేనెవరిని? ఇన్నేళ్ళుగా నన్ను నేను ఒక పొట్టి ముసలిదాన్ననుకుంటూ వచ్చాను. అది నా అభిప్రాయం మాత్రమే. కంపెనీ వారిది సమాచారం.

ఈ యోగం నాకు మనవరాలి మూలంగా పట్టింది. నా కూతురి కూతురు నా దగ్గరే ఉంటుంది. మాది మూడో అంతస్తులో వాటా, రెండు గదులు, ఒక వంటిల్లు, పైన బట్టలారేసుకోవడానికి డాబా. ఆ పిల్ల పరుపుల కంపెనీలో ఈమెయిళ్ళు పంపే విభాగంలో చేరింది. ఏడాదిపాటు తాత్కాలికమన్నారు. ఏడాది చివర పనితనం చూసి ఖాయం చేస్తారు, లేదా దండం పెట్టి పంపేస్తారు. అంతకుముందు రెండు కంపెనీలు అలా దండం పెట్టినవే. ఇంటద్దె, కూరగాయలు, నా కళ్ళలో వేసుకునే మందు, అన్నీ ఆ పిల్ల జీతం మీదే కూర్చుని ఉన్నాయి. అంచేత ఆ ఉద్యోగం ఖాయం కావడం తప్ప మా ఇంట్లో ఆ ఏడాది ఇంకో కోరిక లేదు.

ఆ విభాగంలో ఒక యంత్రం ఉంది. దాన్ని సి.ఆర్.ఎం. అంటారు. అంటే ఏమిటే అని అడిగితే, కొనేవాళ్ళతో చుట్టరికం నిలుపుకునే ఏర్పాటు అమ్మమ్మా అంది. లక్షమంది పేర్లూ, వాళ్ళ ఎత్తులూ, నిద్రలూ, నడుం నొప్పులూ అందులో ఉంటాయి. ఒక ఉత్తరం రాసి, ఎవరికి పోవాలో జల్లెడ పడతారు. ఫిల్టరు అంటుంది తను, నాకు జల్లెడే సులువు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు అని జల్లిస్తే వాళ్ళే కిందికి దిగుతారు, వాళ్ళకు డబుల్ పరుపు సంగతి పోతుంది. గురక పెట్టేవాళ్ళని జల్లిస్తే ఎత్తు దిండు సంగతి పోతుంది. ఒక్క మీట నొక్కితే లక్షమందిలో ఎవరి కష్టం వారిని వెతుక్కుంటూ వెళుతుంది.

ఇప్పటి పిల్లలకు ఇది వింతగాని నాకు కాదు. మా అత్తగారు ఈ యంత్రాన్ని బుర్రలో పెట్టుకు తిరిగేది. ఇంట్లో పెళ్ళి తలపెడితే చుట్టాలందర్నీ కూర తరిగేలోపు జల్లించేసేది. స్వయంగా వెళ్ళి పిలవాల్సినవాళ్ళు, కబురు చాలినవాళ్ళు, పిలిచినట్టే ఉండి రాకుండా పోయేలా పిలవాల్సినవాళ్ళు, అంతా అయిపోయాక తెలియాల్సినవాళ్ళు. ఆ నాలుగో జల్లెడలో మా పుట్టింటివాళ్ళుండేవారు. కరెంటు లేదు, శిక్షణ లేదు, పొరపాటన్నది లేదు. ఆవిడ ఇవాళ ఉంటే ఏ కంపెనీకో ఉపాధ్యక్షురాలయ్యేది.

మనవరాలు అన్నం డబ్బా మర్చిపోయి వెళ్ళిన రోజున ఒకసారి ఆ ఆఫీసు చూశాను. గుమ్మంలోనే అద్దాల గదిలో మెత్తటి పరుపొకటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పైన ‘దయచేసి పడుకోరాదు’ అని బోర్డు కట్టారు. లోపల అందరూ నిటారుగా కూర్చుని ఉన్నారు, కళ్ళకింద నల్లచారలు లేనివాళ్ళు ఒక్కరూ లేరు. గోడమీద గుమ్మమంత తెర. దానిమీద ఒక్కటే అంకె, పక్కన శాతం గుర్తు. పంపిన ఉత్తరాల్లో నూటికి ఎన్ని విప్పారన్నది ఆ అంకె. అది పెరిగినప్పుడల్లా కొట్టడానికి బల్లమీద ఒక ఇత్తడి గంట. నేనక్కడున్నంతసేపూ గంట మోగలేదు. దానిమీద ఎవరో రుమాలు ఆరేశారు.

ఆ విభాగానికి పెద్దాయన్ని అందరూ శాతం సారు అంటారు. ఆయనకు మామూలు అంకెలు గిట్టవు. టీ ఇస్తే డెబ్బై శాతం చాలంటాడు. ఇంట్లో ఆడపిల్ల పుట్టినప్పుడు, మా కుటుంబం యాభై శాతం వృద్ధి చెందిందని ఆఫీసంతా మిఠాయి పంచాడు. బాలింత ఎలా ఉందని ఎవరో అడిగితే నిలకడగా ఉంది, మార్పు లేదన్నాడట.

మనవరాలు చేరిన మొదటిరోజే ఆయన ఒక సూత్రం చెప్పాడు. ఏ ఉత్తరమైనా లక్షమందికి పోయేముందు ఒక్కరికి పోవాలి. ఆ ఒక్కరూ ప్రతి జల్లెడలోంచీ దిగే మనిషై ఉండాలి. వాళ్ళకు సరిగ్గా అందితే లోకానికి అందినట్టే. ఆఫీసువాళ్ళ చిరునామాలు యంత్రం ఒప్పుకోదు. అప్పుడా పిల్ల సాయంత్రం ఇంటికొచ్చి నా ఫోను తీసుకుని నాకో ఈమెయిలు తెరిచింది. మర్నాడు ఆఫీసులో నన్ను ఎక్కించింది.

పేరు దగ్గర ఏం రాయాలో తోచక పరీక్ష అని రాసింది. ఇంటిపేరు లేకపోతే యంత్రం ఒప్పుకోదట, పరువైన యంత్రం. అక్కడా పరీక్ష అనే రాసింది. తర్వాత ఒక్కో జల్లెడకీ ఒక్కో అర్హత తగిలించింది. కొత్త దంపతుల ఉత్తరం కోసం నాకు పెళ్ళి చేసింది. ఒంటరివాళ్ళ సింగిల్ పరుపు కోసం విడాకులిప్పించింది. రెండో పెళ్ళివాళ్ళకు ప్రత్యేక రాయితీ అనగానే మళ్ళీ చేసింది. ఉయ్యాల పరుపులకు కవలలు, పొడుగు మంచాలకు ఆరడుగుల నాలుగంగుళాలు. ఒకటి రాస్తే ఇంకోటి చెరపాలని యంత్రం ఒక్కసారీ అడగలేదు. మనుషులైతే అడుగుతారు. దానికా చాదస్తం లేదు.

చివర్లో ఒక గడి ఉందట, ‘ఇది నిజమైన మనిషి కాదు’ అని టిక్కు పెట్టేది. పరీక్ష పేర్లకి అది పెట్టాలి. పెడితే ఆ పేరు లెక్కల్లోకి రాదు. పెట్టబోయి ఆగిపోయిందట ఆ పిల్ల.

“నిన్ను పట్టుకుని నిజమైన మనిషి కాదని ఎలా పెట్టనే అమ్మమ్మా? చెయ్యి రాలేదు” అంది.

వెన్నలాంటి మనసు. ఆ వెన్న మీదనే తర్వాత అందరం జారాం.

ఇక ఉత్తరాలు మొదలయ్యాయి. రోజూ పొద్దున్నే ఫోను టింగుమంటుంది. ‘శుభోదయం పరీక్ష పరీక్ష గారూ, రాత్రి నిద్ర పట్టిందా?’ ఆ తర్వాత నా వేర్వేరు జీవితాల ఉత్తరాలు వరసగా దిగుతాయి. కవలలు పుట్టినందుకు అభినందనలు. విడాకుల సందర్భంగా, ‘ఇకపై మంచమంతా మీదే’. నిజం చెప్పొద్దూ, ఆ ఒక్కటి చదివినప్పుడు కాసేపు హాయిగా అనిపించింది. నా కాపురంలో ఎవరూ నాకామాట అనలేదు మరి.

ఉత్తరమంటూ వచ్చాక విప్పకుండా పడేసే అలవాటు నాకు లేదు. అన్నీ విప్పాను. అడుగున నీలం రంగులో ‘ఇక్కడ నొక్కండి’ అని ఉండేది. అంత మర్యాదగా అడుగుతుంటే నొక్కకపోతే బాగుండదని నొక్కాను. అలా వచ్చినవన్నీ నొక్కేవాళ్ళు లక్షమందిలో నేనొక్కదాన్నే అని నాకప్పుడు తెలియదు.

నొక్కేవాళ్ళు తక్కువగాని, జవాబు రాసేవాడు ఒకడున్నాడు. మా కింద రెండో అంతస్తులో ఉంటాడు, బస్సు కండక్టరు. ఒంటరి మనిషి. పొద్దుటినుంచి బస్సులో నిలబడి నిలబడి నడుం పోయింది. మా మనవరాలు చేరిన కొత్తలో, కంపెనీ మంచిదండీ అని ఈ పిల్లే చెప్పి కొనిపించింది. నెల తిరక్కుండా పరుపు మధ్యలో కుంగింది, పక్కనించి స్ప్రింగొకటి తల ఎత్తింది. ఒక మూల కంపెనీ పేరు మాత్రం చెక్కు చెదరకుండా ఉంది, మంచి దారంతో కుట్టారు.

అతనికీ రోజూ ఉత్తరం వచ్చేది. శుభోదయం, రాత్రి నిద్ర పట్టిందా అని. పాపం, అడిగారు కదా అని అతను ప్రతిదానికీ జవాబు రాసేవాడు. పట్టలేదండీ, ఎడంపక్క గుచ్చుకుంటోందండీ, కుడిపక్కకి తిరిగితే గుంటలో పడుతున్నానండీ అని. పంపినవారి పేరు దగ్గర నోరిప్లై అని ఉంటుంది. ఇక్కడికి జవాబు రాయొద్దు, రాసినా చూసే నాథుడు లేడు అని దానర్థమట, మనవరాలు చెప్పింది. కండక్టరు మాత్రం అదొక పెద్ద ఆఫీసరు పేరనుకున్నాడు. యూనిఫారం ఆరేసుకోవడానికి డాబామీదికి వచ్చినప్పుడు నన్నడిగేవాడు.

“ఆ నోరిప్లై గారు బాగా పెద్ద హోదానా మామ్మగారూ? రోజూ ఆయనే అడుగుతారు, నేను చెబితే ఉలకరు, పలకరు.”

“చాలా పెద్ద హోదా నాయనా. తీరికుండదు” అన్నాను. మనసు కష్టపెట్టడమెందుకు?

ఆర్నెల్లు గడిచాయి. గోడమీద అంకె రెండు దగ్గరే నిలబడిపోయింది. నూటికి ఇద్దరు విప్పుతున్నారు. మనవరాలు అన్నం సరిగా తినడం మానేసింది. ఏడాది చివర ఛైర్మన్ చూసేది ఆ అంకెనే. ఉత్తరాలు ఇంకా అందంగా రాద్దామా సార్ అని సారుని అడిగిందట. ఆయన జాలిగా చూసి, లోపం ఉత్తరాల్లో లేదు, మనుషుల్లో ఉంది అన్నాడు. విప్పనివాళ్ళకి పంపడం వల్లే కదా విప్పనివాళ్ళున్నారు. వాళ్ళకి పంపడం మానేస్తే?

చూశారా, పెద్ద చదువంటే అదీ.

ముందుగా మూడు నెలలుగా ఒక్కటీ విప్పనివాళ్ళని ఏరారు. వాళ్ళకు యంత్రం పెట్టిన పేరు నిద్రాణ ఖాతాదారులు. సారు గది మధ్యన నిలబడి, “నిద్రపోయేవాళ్ళతో మనకేం పని?” అని గర్జించాడు. పరుపుల కంపెనీలో ఆ మాటకి ఎవరూ నవ్వలేదు, అందరివీ తాత్కాలిక ఉద్యోగాలే. లక్షలో ముప్పాతిక భాగం ఒక్క మీటతో పోయింది. గంటమీద రుమాలు తీసి కొట్టారు.

తర్వాత అప్పుడప్పుడూ విప్పేవాళ్ళు పోయారు. వాళ్ళు నిలకడ లేని మనుషులు. తర్వాత విప్పి చూసి నీలం మీట నొక్కకుండా పోయేవాళ్ళు పోయారు. వాళ్ళు కాలక్షేపం బాపతు. తర్వాత నొక్కి, పరుపు కొన్నవాళ్ళు పోయారు. పరుపు కొన్నవాడు మళ్ళీ పదేళ్ళదాకా కొనడు, వాడికి ఉత్తరం రాయడం దండగ. ఒక్కొక్క ఏరివేతకీ అంకె ఎగబాకింది, ఒక్కోసారీ కేకు కోశారు. అమ్మకాలు ఎలా ఉన్నాయని ఎవరూ అడగలేదు. అవి కింది అంతస్తువాళ్ళ పని, వాళ్ళకి వేరే గంట ఉంది.

పరుపు కొన్నా జవాబులు రాస్తూనే ఉన్నాడు గనక కండక్టరు పేరు ఇంకా కొంతకాలం నిలిచింది. చివరికి యంత్రం అతని జవాబులు వాసన చూసింది. గుచ్చుకుంటోంది, కుంగింది, దయచేసి, ఇలాంటి మాటలు ఎక్కువైతే దాన్ని ప్రతికూల స్వభావం అంటారట. ఆ జల్లెడలో అతను దిగిపోయాడు. మర్నాడు పొద్దున పదింటికి గోడమీది తెర నూరు చూపించింది. పంపినది ఒక్కరికి. విప్పినది ఒక్కరు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. శాతం సారు కళ్ళు తుడుచుకున్నాడని విన్నాను.

కళ్ళు తుడుచుకుంటూనే తెరమీద ఆ మిగిలిన పేరు చదివాడు. పరీక్ష పరీక్ష. “ఎంత పద్ధతైన పేరో. చదువుల వంశమై ఉండాలి” అన్నాడు.

వార్త పైకి పాకింది. నూరు శాతం అనుబంధం సాధించిన కంపెనీ ఇంకోటి లేదని ఛైర్మన్ మురిసిపోయి, ఆ ఖాతాదారుణ్ణి పిలిచి సన్మానించాలని ఉత్తర్వు వేశాడు. అదే సభలో ఈ విజయం వెనకున్న ఉద్యోగినిని ఖాయం చేస్తానన్నాడు.

మా పిల్ల ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గోడకి ఆనుకుని కూలబడింది.

“నా కొంప మునిగింది అమ్మమ్మా. ఆ పరీక్ష నువ్వేనని తెలిస్తే ఖాయం చెయ్యడం అటుంచి, మోసం చేశానని ఇంకెక్కడా ఉద్యోగం రాకుండా చేస్తారు.”

“ఎందుకు తెలుస్తుంది? వస్తాను పద.”

“ఏం వస్తావు? ఆరడుగుల నాలుగంగుళాలుండాలి నువ్వు.”

“కూర్చుంటాను” అన్నాను.

సభ రోజున మంచి చీర కట్టుకుని వెళ్ళాను. గుమ్మంలో ‘సుస్వాగతం, శ్రీ/శ్రీమతి/కుమారి పరీక్ష పరీక్ష గారు’ అని తోరణమంత అట్ట కట్టారు. యంత్రంలో నేను మూడూ కనక మూడూ రాశారు, వాళ్ళ తప్పేం లేదు. లిఫ్టు దగ్గర శాతం సారు పూలగుత్తితో ఎదురొచ్చాడు. నా వంక ఒకసారి, చేతిలో ఫోను వంక ఒకసారి చూశాడు. మళ్ళీ నా వంక, మళ్ళీ ఫోను వంక. ఫోను వంక చూసినప్పుడే ఆయన ముఖంలో నమ్మకం కనిపించింది. నేను ముసలిదాన్నని ఒప్పుకుంటే నూరు శాతం పోతుంది, నూరు పోతే సారు పోతాడు. ఆ లెక్క కట్టడానికి ఆయనకెంతోసేపు పట్టలేదు.

“వయసుతోపాటు ఎత్తు కొంత శాతం తగ్గుతుంది లెండి” అని వెనకవాళ్ళకి చెప్పి నన్ను లోపలికి నడిపించాడు. వెనకవాళ్ళు తలలూపారు. వాళ్ళలో పిల్లల తండ్రులున్నారు, అప్పులున్నవాళ్ళున్నారు. అందరికీ ఎత్తు తగ్గుతుందనే అనిపించింది.

వేదికమీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కవలలకని రెండు గిలక్కాయలు చేతిలో పెట్టారు. హాస్టల్లో చదువు బాగా సాగాలని ఒక దిండు ఒళ్ళో పెట్టారు. మనవరాలు పక్క గోడకి అంటుకుని నిలబడి ఉంది.

ఛైర్మన్ మంచి మాటకారి. “ఈ ఒక్క మూర్తిలో మనం ఏం చూస్తున్నాం? నవవధువును చూస్తున్నాం. తల్లిని చూస్తున్నాం. విద్యార్థిని చూస్తున్నాం. గురక పెట్టే గృహస్థును చూస్తున్నాం. ఇన్నాళ్ళూ మనం లక్షమంది వెంట పరిగెత్తాం. ఆ లక్షమందీ ఈ ఒక్కరిలో ఉన్నారని ఈ యువ విభాగం కనిపెట్టింది” అన్నాడు. తర్వాత నా వైపు వంగి కవలలు బాగున్నారా తల్లీ అని అడిగాడు. బాగున్నారు నాయనా, నిద్రపోతున్నారు అన్నాను.

“మన పరుపు మీదేనా?”

అక్కడ నా నోరు జారింది. ఇన్ని కాపురాలు చేసినా అబద్ధానికి హద్దుండాలి కదా. “లేదు నాయనా, మీ పరుపు నేనెప్పుడూ కొనలేదు. నాది పాత దూది పరుపు” అనేశాను.

మనవరాలు కళ్ళు మూసుకుంది. అప్పుడు శాతం సారు నెమ్మదిగా లేచి మైకు అందుకున్నాడు.

“విన్నారా మిత్రులారా? ఈమె కొనలేదు. మరి కొన్నవాళ్ళేం చేశారు? పరుపు ఇంట్లో వేసుకుని తలుపు మూసుకున్నారు. మన ఉత్తరాలు విప్పడం మానేశారు. కొనడమంటే బంధం తెంచుకోవడం. ఈమె ఏడాదిగా ఏమీ కొనకుండా, ఒక్కరోజు వదలకుండా మనతో ఉన్నారు. కొన్నవాళ్ళు మనకి లాభం ఇచ్చి ఉండవచ్చు. ఈమె మనకి ఆశ ఇచ్చారు.”

చప్పట్లు పైకప్పు తాకాయి. ఛైర్మన్ రుమాలు తీశాడు. ఇకమీదట ఉత్తరాల విభాగం లక్ష్యం కొననివాళ్ళే అని అక్కడికక్కడే ప్రకటించాడు. ఆ తర్వాత మనవరాలిని ఖాయం చేసే కాగితం తెప్పించుకుని, కలం మూత తీసి, సంతకం పెట్టబోతూ నన్ను మర్యాదగా అడిగాడు, కంపెనీనుంచి తమకేమైనా కోరిక ఉందా అని.

నాకా కుంగిన పరుపు గుర్తొచ్చింది. అడిగినప్పుడు చెప్పకపోతే మళ్ళీ ఎవరడుగుతారు? మా కింది వాటాలో ఒక కండక్టరున్నాడు బాబూ, మీ పరుపు కొన్నాడు, నడుం విరిగేలా ఉంది, మార్చి ఇప్పించండి అన్నాను.

ఛైర్మన్ సారు వైపు చూశాడు. సారు ఫోనులో వెతికాడు, పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ. వెతకడానికి అందులో ఉన్నది నేనొక్కదాన్నే.

“అలాంటి ఖాతాదారు మన జాబితాలో లేరు సార్. జాబితాలో లేని మనిషి కింద మన పరుపు ఉండే అవకాశం సున్నా శాతం.”

“నేను నా కళ్ళతో చూశాను. మూల మీ పేరు కుట్టి ఉంది” అన్నాను.

“పెద్దవయసులో కళ్ళు...” అని ఛైర్మన్ నవ్వాడు, ఎంతో ఆప్యాయంగా. చేతిలో కలం గాలిలో ఆగి ఉంది. గోడ దగ్గర మనవరాలు నా వంక చూస్తోంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి మందు వద్దని చూసినట్టు చూసింది.

“అవున్నాయనా. మందు వేసుకుంటున్నాను, ఇంకా పూర్తిగా తగ్గలేదు” అన్నాను.

సంతకం పడింది.

ఇప్పుడు మా పిల్ల ఆ విభాగానికి మేనేజరు. కింద పదకొండుమంది పనిచేస్తున్నారు. రోజంతా తలలు పట్టుకుని నాకు ఉత్తరాలు రాస్తారు. ఒకడు నా గురకమీదే పనిచేస్తాడు. పొద్దున పదింటికి నేను ఫోనులో అన్నీ విప్పి నీలం మీటలు నొక్కుతాను, అక్కడ గంట కొడతారు, పదకొండు కుటుంబాలు ఊపిరి పీల్చుకుంటాయి. నాకు జలుబు చేసినా వాళ్ళకి గుండె దడ. ఇంత విలువ నాకు కన్నబిడ్డల దగ్గర కూడా దొరకలేదు. కంపెనీ ఒక పరుపు పంపిస్తానంది గాని మనవరాలు వద్దంది. నేను కొన్నదాన్ని అయిపోతే కష్టం కదా.

మొన్న డాబామీద కండక్టరు కనిపించాడు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఒంగి యూనిఫారం పిండుతున్నాడు. పరుపు తీసేసి నేలమీద పడుకుంటున్నానన్నాడు, అదే నయమట. నేను ముఖం చాటేసి దిగిపోబోయాను. అతను పిలిచాడు.

“మామ్మగారూ, ఆ నోరిప్లై గారికి ఒంట్లో బాగానే ఉందా?”

నాకర్థం కాలేదు.

“రోజూ పొద్దున్నే నిద్ర పట్టిందా అని అడిగేవారు కదా. ఈమధ్య రాయడం లేదు. నేనేమైనా మర్యాద తప్పి రాశానా అని... పరుపు సంగతి వదిలెయ్యమని చెప్పండి. ఊరికే అడుగుతుంటే బాగుండేది.”

ఆ సాయంత్రం మనవరాలితో పోట్లాడాను. అతని పేరు మళ్ళీ ఎక్కించవే, నీ సొమ్మేం పోయింది అన్నాను. ఆ పిల్లకీ బాధగానే ఉంది.

“అతను డ్యూటీ దిగి సాయంత్రం విప్పుతాడు అమ్మమ్మా. పదింటికి లెక్క కడతారు. నువ్వొక్కదానివీ విప్పి అతను విప్పకపోతే యాభై శాతం. నా మాటకేం, కింద పదకొండుమందీ తాత్కాలికం వాళ్ళే. ఒక్కణ్ణి ఎక్కించి పదకొండుమందిని ఎలా తొయ్యను?”

లెక్క సరిగ్గానే ఉంది. ఈ మధ్య అందరి లెక్కలూ సరిగ్గానే ఉంటున్నాయి.

అడగడానికి ఇంత యంత్రమెందుకని నాకే తట్టింది. మర్నాడు పొద్దున్నే మోకాళ్ళు పట్టుకుని ఒక అంతస్తు దిగి, అతని గుమ్మం ముందు నిలబడ్డాను. మా కింద అతను కాపురముండి తొమ్మిదేళ్ళయింది. ఆ గుమ్మం ముందు నేను నిలబడటం అదే మొదలు. తలుపు తీసుకుని, టిక్కెట్ల సంచీ భుజాన వేసుకుని, నడుం సవరించుకుంటూ బయటికి వచ్చాడు.

“రాత్రి నిద్ర పట్టిందా నాయనా?” అన్నాను.

అతను ఆగిపోయాడు. నా ముఖం చూశాడు, నా చేతులు చూశాడు, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని మెట్లవైపు చూశాడు. తర్వాత ఎంతో మొహమాటంగా, గొంతు తగ్గించి అన్నాడు.

“ఈ నెల వీలు కాదు మామ్మగారూ. ఇంతకీ ఏం అమ్ముతున్నారు?”